లోపలికి నలభై ఒకటి, బయటికి నలభై

బస్సు టైరు పేలిన క్షణాన మీటరాయన తలలు లెక్కపెడుతున్నాడు. ముందు తలుపు నుంచి వెనక సీటుదాకా ఇరవై ఏడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెడితే ఇరవై ఆరు. ఎప్పుడూ ఇంతే. ఎక్కడ కూర్చున్నా, ఏ గదిలో అడుగుపెట్టినా మొదటిసారి ఒకటి ఎక్కువ వస్తుంది. రెండోసారికి ఆ ఎక్కువైనది ఎక్కడికో తప్పుకుంటుంది. పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. మొదట్లో భార్య నవ్వేది. "ఇంట్లో ఉన్నదే ఇద్దరం. అది కూడా తప్పు లెక్కపెట్టే మనిషిని పిలిచి కంపెనీలు పని ఇస్తున్నాయంటే, వాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి" అనేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. అడగడమూ మానేసింది.

జనం గోలగోలగా దిగారు. డ్రైవరు చక్రం పక్కన గొంతుక్కూర్చుని దాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. స్పేరు టైరు ఉందా అని ఒకాయన అడిగితే, "ఉందండీ, దానికి కూడా గాలి లేదు, తోడుగా ఉంటుందని తెచ్చా" అన్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. మీటరాయన తన ఇనప పెట్టె మోసుకుంటూ వెళ్ళి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. కాసేపటికి బస్సులో అతని ముందు సీటులో కూర్చున్న అరవై ఏళ్ళావిడ కూడా వచ్చి, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని, ఆ పక్కనే కూర్చుంది. కూర్చున్న దగ్గర్నుంచీ అతని భుజాలే చూస్తోంది.

"అన్నయ్యగారూ, మీ చొక్కా కుట్టినవాడెవడో గానీ మీకు ద్రోహం చేశాడు."

"ఏం చేశాడమ్మా?"

"మీ ఎడమ భుజం కుడిదానికంటే వేలెడు దిగింది. అది చూసుకోకుండా రెండువైపులా ఒకే కొలత పెట్టాడు. అందుకే ఆ కాలరు అలా అలిగి పక్కకి తిరిగింది."

మీటరాయనకి నవ్వొచ్చింది. "ఈ పెట్టె మోసీ మోసీ దిగిందిలే. నువ్వు దర్జీవా?"

"నలభై ఏళ్ళు. సూది పట్టుకున్న నాటినుంచీ మనుషుల ముఖాలు చూడ్డం మానేశాను. భుజాలు, నడుము, అంతే."

నిజమే కావచ్చు. వృత్తి మనిషి చూపును కొరుక్కుతింటుంది. క్షురకుడికి లోకమంతా పెరిగిన జుట్టే. చెప్పులు కుట్టేవాడికి ఊరంతా అరిగిన మడమలే. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఒక మనిషిని మొత్తంగా చూసే వృత్తి ఒక్కటీ కనబడదు. ఏ వృత్తీ లేనివాళ్ళు చూస్తారేమోగానీ, వాళ్ళ మాట ఎవరు వింటారు?

"ఇంతకీ పెట్టెలో ఏముంది?" అంది దర్జీ ఆవిడ.

"పనిముట్లు. గేట్ల దగ్గరా, మిషన్ల దగ్గరా ఎన్నిసార్లు ఏం జరిగిందో లెక్కపెట్టే యంత్రాలుంటాయి. వాటిని బాగుచేస్తుంటా."

ఆవిడ సంచి మీద చేతులు ఆగిపోయాయి. "అవి నిజమే చెబుతాయా?" అని అడిగింది.

"చెబుతాయమ్మా. వినేవాళ్ళను బట్టి ఉంటుంది."

"నేనూ ఒక యంత్రం మాట మీదే వెళ్తున్నాను, అన్నయ్యగారూ. పందొమ్మిదేళ్ళ కిందట అది నన్ను అబద్ధాలకోరుని చేసింది. నా తమ్ముణ్ణి దొంగని చేసింది."

మీటరాయన పెట్టె పిడి గట్టిగా పట్టుకున్నాడు. ఇంకేమీ చెప్పకపోయినా అతనికి తెలిసిపోయింది. అతను ఎక్కిన బస్సు వెళ్ళేది కూడా ఆ ఊరికే. ఆ ఊళ్ళో ఉన్నది ఒకే ఒక్క పెద్ద కోల్డ్ స్టోరేజీ.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. తమ్ముడు అక్కడ పళ్ళ పెట్టెలు మోసేవాడు. చలికి వేళ్ళు పగిలిపోతున్నాయంటే ఆవిడ దళసరి గుడ్డతో తొడుగులు కుట్టి తీసుకెళ్ళింది. గేటు దగ్గరికి పిలిపించింది. వచ్చాడు, తీసుకున్నాడు, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత రెండు రోజులు సెలవు. ఇంటికి రాకపోతే ఏ లారీ వెంటో పనికి వెళ్ళాడనుకున్నారు. మూడో రోజు తలుపులు తీస్తే, మూడో వరస వెనక, పడిపోయిన పెట్టెల కింద ప్రాణం లేకుండా ఉన్నాడు. కాలు విరిగి ఉంది. లోపల చిక్కుకున్నవాళ్ళు లాగాల్సిన గంట తాడు తలుపు పక్కనే ఉంది కానీ అతనికి అందేంత దూరంలో లేదు.

"వాడు గేటులోంచే లోపలికి వెళ్ళాడని నేను చెప్పాను. నా కళ్ళతో చూశాను, టక్ మని చప్పుడు కూడా విన్నాను. విచారణలో ఏమన్నారో తెలుసా? 'పనివాళ్ళు నలభై మంది. బయటికి వచ్చింది నలభై అని యంత్రం చెప్పింది. అంటే మీ తమ్ముడు అందరితో పాటు వచ్చేశాడు, తర్వాత వెనక కిటికీలోంచి దొంగతనానికి దూరాడు' అన్నారు. నేను ఏడుస్తూ చెబుతుంటే, 'అమ్మా, బాధలో కళ్ళు పొరబడతాయి, యంత్రం పొరబడదు' అన్నారు. పోనుపోను నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా చూశానా? వెళ్ళిపోతున్న వాడి వీపు తప్ప నాకేం గుర్తులేదు."

"ఇప్పుడెందుకు వెళ్తున్నావమ్మా?" అని అడిగాడు.

"వాడి కూతురు. చదువుకుంది. అక్కడే తాళాల ఉద్యోగానికి పెట్టుకుంది. అన్నీ కుదిరాక పాత ఫైలు బయటపడింది. దొంగ కూతురికి తాళాలెలా ఇస్తారు? అది నోరు తెరిచి ఏమీ అనదు. 'అత్తా, నాన్న నిజంగానే వెళ్ళాడా కిటికీలోంచి?' అని ఒక్కసారి అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి. చూశానో లేదో నాకే తెలియనప్పుడు దానికేం చెప్పను? అందుకే పెద్దవాళ్ళని బతిమాలుకుందామని."

ఊరు మూడు కిలోమీటర్లే ఉంది. వేరే బస్సు వచ్చే సూచన లేదు. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, అతను ఊఁ కొడుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. దానికి మనిషంటే ఏమిటో తెలియదు. మూడు చువ్వల తిరుగుడు గేటు ఉంటుంది. నడుముతో తోస్తే చువ్వ తిరుగుతుంది, దాని మొదట్లో ఉన్న స్విచ్చు కలిసి విడిపోతుంది. కలిసినప్పుడు తీగలో కరెంటు చివాలున లేస్తుంది. ఆ లేవడాన్ని పెట్టె ఒకటి అని రాసుకుంటుంది. తోసింది మనిషో, మేకో, గాలో దానికి అనవసరం. చిక్కేమిటంటే, స్విచ్చులోని రేకులు బుద్ధిగా ఒక్కసారి కలిసి ఊరుకోవు. నేల మీద పడిన బంతిలా చిన్నచిన్నగా ఎగిరెగిరి కలుస్తాయి. రెప్పపాటు కూడా పట్టదు, కానీ పెట్టెకి రెప్పపాటంటే చాలా పొడుగు. ఒకడు వెళ్తే ముగ్గురని రాస్తుంది. దానికి మందు, ఒకటి రాసుకున్నాక కాసేపు చెవులు మూసుకొమ్మని పెట్టెకి చెప్పడం. ఎంతసేపన్నదే విద్య. తక్కువైతే వణుకును మనిషనుకుంటుంది. ఎక్కువైతే వెనకే వచ్చిన మనిషిని వణుకనుకుంటుంది.

ఆ విద్యలో మీటరాయనకి సాటి లేదని పేరు. కోల్డ్ స్టోరేజీలో గేట్లు పెట్టిన కొత్తలో పెట్టె పిచ్చి లెక్కలు చూపించేది. లోపల అరవై మంది ఉన్నారని ఒకరోజు, తొంభై మంది అని ఒకరోజు. హమాలీలు అతన్ని ఏడిపించేవాళ్ళు. "మీటరాయనా, మీ పెట్టె మా తాతముత్తాతల్ని కూడా కలిపి లెక్కపెడుతోందా? అయితే వాళ్ళకీ కూలి ఇప్పించు" అనేవాళ్ళు. అతను వారం రోజులు కూర్చుని సరిచేశాడు. సరిచేసిన ఆరో రోజు సాయంత్రం ఐదుకి, షిఫ్టు దిగాక, లోపలికి నలభై ఒకటి, బయటికి నలభై అని చూపించింది.

మేస్త్రీ హాజరు పట్టీ చూశాడు. నలభై పేర్లు. "బయటికి నలభై సరిపోయింది. లోపలికి ఈ ఒకటి ఎక్కువేంటి?" అని అడిగాడు.

నలభై మందిలో ఒకడు మధ్యలో బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్తే, లోపలికి నలభై ఒకటే కావాలి. బయటికి కూడా నలభై ఒకటి కావాలి. నలభై దగ్గర ఆగిందంటే ఒకడు లోపలే ఉన్నాడు. చిన్నపిల్లల లెక్క. కానీ మీటరాయన కళ్ళకి కనిపించింది లెక్క కాదు, ఆరు రోజుల కిందటి వెక్కిరింతలు. తన మందు మళ్ళీ పని చెయ్యలేదనుకున్నాడు. రోడ్డు మీద ఐదున్నర బస్సు హారను కొడుతోంది. ఆ పెట్టె ప్రతి లేవడాన్నీ బొమ్మగీసి, వేళతో సహా దాస్తుంది. తెరిచి చూస్తే రెండు నిమిషాల పని.

"గేటు వణుకండీ. మనిషి కాదు. తలుపులేసుకోండి" అన్నాడు. అని, రెండు లెక్కలూ సున్నా చేసేశాడు.

ఆ పెట్టెకి ఒక గుణం ఉంది. రోజంతా గీస్తూ కూర్చోదు. కరెంటు ఫలానా గీత దాటినప్పుడే మేలుకో అని దానికి చెబుతారు. మేలుకున్నాక, విచిత్రంగా, మేలుకోవడానికి ముందు క్షణాన్ని కూడా పట్టి దాచుకుంటుంది. మనిషి కూడా అంతేనేమో. సంగతి జరిగినప్పటి నుంచి మొదలవ్వదు జ్ఞాపకం, దానికి కాస్త ముందునుంచి మొదలవుతుంది. చలిలో పడి ఉన్న మనిషిని మీటరాయన ఎన్నడూ కలలో చూడలేదు. అతనికి కనబడేది మేస్త్రీ చూపుడువేలు, దాని గోటి కింద మట్టి, బస్సు హారను, తన నోరు తెరుచుకోవడం. అక్కడ ఆగిపోతుంది. నడిరోడ్డు మీద, పట్టపగలు, పప్పులు కొంటుండగా కూడా అదే వేలు, అదే మట్టి.

తలుపు తీసిన రోజు మధ్యాహ్నం అతను లెక్కల పెట్టె తెరిచి బొమ్మలన్నీ చూశాడు. వాటిని ఒక చిన్న కార్డులోకి ఎక్కించి, కార్డుని పెట్టె మూత లోపలి రబ్బరు అట్ట కింద దూర్చాడు. చెరపడానికి చెయ్యి రాలేదు. చూపించడానికి నోరు రాలేదు. విచారణలో కిటికీ పక్కన కూర్చుని, యంత్రం బాగానే ఉందా అంటే బాగానే ఉందన్నాడు, బయటికి ఎంతంటే నలభై అన్నాడు. రెండూ నిజాలే. లోపలికి ఎంతని ఎవరూ అడగలేదు. ముందు కుర్చీలో చనిపోయినవాడి అక్క తల వంచుకుని ఏడుస్తూ, ఒకే మాట పదిసార్లు చెప్పింది. ఆ నెలలోనే అతను ఆ కోల్డ్ స్టోరేజీ పనికి నీళ్ళొదిలాడు.

పోయిన వారం ఫోను వచ్చింది. గేట్లు తీసేసి కెమెరాలు పెడుతున్నారట, పాత పెట్టె వైరింగు ఎవరికీ అంతుబట్టడం లేదట. వస్తానన్నాడు. ఎందుకొస్తున్నాడో అతనికి బాగా తెలుసు. కార్డు తీసుకుని, దారిలో ఏ కాలవలోనో పడెయ్యడానికి.

"అన్నయ్యగారూ, మీరు మరీ నెమ్మదిగా నడుస్తున్నారు. ఆ పెట్టె నేను కాసేపు పట్టుకోనా?" అంది దర్జీ ఆవిడ.

"వద్దమ్మా" అన్నాడు.

కోల్డ్ స్టోరేజీ గోడలకి కొత్త సున్నం వేశారు. వాచ్‌మన్ మాత్రం పాతవాడే, పళ్ళు తగ్గాయంతే. "ఏంటి మీటరాయనా, బతికే ఉన్నావా! నీ పెట్టెకంటే ముందు నువ్వే తుప్పు పడతావనుకున్నా" అన్నాడు. ఆ పిలుపు ఆవిడ విన్నదేమోనని మీటరాయన వెనక్కి తిరిగి చూశాడు. కానీ దర్జీ ఆవిడ అప్పటికే చీర కొంగు సర్దుకుంటూ మేనేజరు గది మెట్లెక్కుతోంది.

లెక్కల పెట్టె ఆ గది బయటి గోడకే ఉంది. మీటరాయన మరలు విప్పాడు. లోపలి నుంచి చల్లటి గాలి ముఖానికి తగిలినట్టయింది. అది వట్టి రేకు పెట్టె అనీ, ఎండలో వేడెక్కి ఉందనీ తెలుసు, అయినా తగిలింది. రబ్బరు అట్ట ఎత్తాడు. కార్డు ఉంది. వేలి గోరంత. జేబులో వేసుకున్నాడు. అయిపోయింది, అనుకున్నాడు. ఇంత తేలికా, అని కూడా అనుకున్నాడు.

అద్దాల కిటికీ సందులోంచి మాటలు వినబడుతున్నాయి. మేనేజరు నలభై ఏళ్ళావిడ. గొంతులో కాఠిన్యమేమీ లేదు.

"అమ్మా, మీ మాట నమ్మాలనే ఉంది నాకు. పిల్ల కూడా మంచి పిల్ల. కానీ ఫైల్లో యంత్రం లెక్క ఉంది. దాని మీద నేనేం రాయను చెప్పండి?"

"నేను చూశానమ్మా."

"చూశారు. సరే. గట్టిగా చెప్పగలరా, పందొమ్మిదేళ్ళ తర్వాత?"

దర్జీ ఆవిడ, "చెప్పలేనమ్మా" అంది. "నిజం చెప్పాలంటే, చూశానో, చూడాలనుకున్నానో నాకే తెలియడం లేదు."

మీటరాయన గోడకి చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. వాచ్‌మన్, "ఏమైంది, కళ్ళు తిరుగుతున్నాయా? నీళ్ళు తేనా?" అన్నాడు. అతను మెట్లెక్కి గదిలోకి వెళ్ళాడు. కార్డు తీసి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"ఇది పెట్టి చూడండమ్మా. అప్పుడు ఇక్కడ మీటర్లు చూసింది నేనే."

దర్జీ ఆవిడ తల తిప్పింది. ఈసారి భుజాలు చూడలేదు.

కంప్యూటరు తెర మీద గీతలు వరసగా నిలబడ్డాయి, ఒక్కోదాని కింద వేళ. మేనేజరమ్మకి ముందు అర్థం కాలేదు. మీటరాయన దర్జీ ఆవిడకేసి తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. మేనేజరుకి చెప్పడం కంటే అదే తేలికైంది.

"నీ మిషను సూది ఒకేచోట రెండుసార్లు దిగితే గుడ్డ మీద ఒకటే చిల్లు. జరిగి దిగితే రెండు కుట్లు. ఆ రోజు నేను, సూది ఒకేచోట రెండుసార్లు దిగిందన్నాను. ఇవిగో, లోపలికి వెళ్ళిన గీతలు. ఏ రెండూ ఒకదాని మీద ఒకటి లేవు. బాగా దగ్గరగా ఉన్నవాటికి కూడా నాలుగు సెకన్ల ఎడం. నలభై ఒక్క కుట్లమ్మా. నలభై ఒక్కసార్లూ వెళ్ళింది మనిషే. మొదటి నలభై మధ్యాహ్నం రెండింటికి. ఇది చూడు, ఒంటరిగా ఉంది, నాలుగూ ఇరవై రెండు. బయటికి వచ్చే గేటు మీద దీనికి ముందు ఒకటుంది, నాలుగూ పది."

"పన్నెండు నిమిషాలు" అంది దర్జీ ఆవిడ. తెరమీదికి వంగింది. "బొటనవేలు దగ్గర బిగుతుగా ఉందన్నాడు. ఆ గోడ మీదే కూర్చుని విప్పి మళ్ళీ కుట్టిచ్చాను. ఊరుకోరా, ఇంటికొచ్చాక కుడతానంటే వినలేదు. 'షిఫ్టు దిగేదాకా వేలు ఊరుకోదే అక్కా' అన్నాడు." ఆవిడ వేలు ఆ ఒంటరి గీతను తాకీ తాకనట్టు ఆగింది. "ఇదేనా వాడు?"

"అతనే."

"వెళ్ళాడు కదా, అయితే. గేటులోంచే వెళ్ళాడు."

"వెళ్ళాడమ్మా. నువ్వు చూసిందే నిజం."

ఆవిడ ఏడవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చాలా మామూలుగా అడిగింది. "ఇది మీరెప్పుడు చూశారు?"

ఈ ప్రశ్న ఒకటి వస్తుందని పందొమ్మిదేళ్ళుగా తెలుసు. ఎన్ని జవాబులు తయారుచేసుకున్నాడో.

"తలుపు తీసిన రోజే."

"విచారణకి ముందా?"

"ఎనిమిది రోజుల ముందు."

"నేను చెబుతున్నప్పుడు మీరక్కడ ఉన్నారా?"

"ఉన్నాను."

"నేను నా పిచ్చి అనుకున్నాను" అంది ఆవిడ. "నేను పిలవకపోతే వాడు పని తొందరగా ముగించుకుని అందరితో వచ్చేసేవాడు కదా అని ఒకవైపు. అసలు నేను పిలవనే లేదేమో, అదంతా నేను కల్పించుకున్నానేమో అని ఇంకోవైపు. ఈ రెంటి మధ్యా ఎన్నేళ్ళు బతికానో మీకు తెలుసు. మీకే తెలుసు." అన్నయ్యగారూ అనలేదు. ఇంకెన్నడూ అనలేదు.

మేనేజరమ్మ కాగితం ముందుకు తోసింది. మీటరాయన రాశాడు. ఫలానా తేదీ సాయంత్రం లోపల ఒక మనిషి మిగిలిపోయినట్టు యంత్రం చూపించిందని, దాన్ని చూడకుండా గేటు వణుకని చెప్పింది తానేనని, తర్వాత చూసి కూడా దాచానని, చనిపోయిన మనిషి నాలుగూ ఇరవై రెండుకి గేటులోంచే పనికి వెళ్ళాడని. ఆరు వాక్యాలు. సంతకం పెట్టాడు.

"పాత కాగితం కొట్టెయ్యడానికి నాకు అధికారం లేదు" అంది మేనేజరమ్మ. "కానీ దీన్ని దాని పైన పెడతాను, కార్డుతో సహా పైకి పంపిస్తాను. ఇకమీదట ఫైలు తెరిచినవాళ్ళు ముందు ఇది చదువుతారు. పిల్ల ఉద్యోగం గురించి నేను మాట్లాడతాను. మీమీద వాళ్ళేం చర్య తీసుకుంటారో మాత్రం నేను చెప్పలేనండీ."

"తీసుకోనివ్వండి" అన్నాడు.

"ఒకసారి పైకి చదవండమ్మా" అంది దర్జీ ఆవిడ. "పిల్లకి నేను ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్క మాట కూడా మర్చిపోకూడదు."

మేనేజరమ్మ చదవడం మొదలుపెట్టింది. దర్జీ ఆవిడ కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, పాఠం అప్పజెప్పుకునే పిల్లలా వింటోంది. మీటరాయన కుర్చీ చప్పుడు కాకుండా లేచాడు. ఆవిడకి ఏదైనా చెప్పాలనుకున్నాడు. క్షమించమనడానికి కూడా ఒక అర్హత ఉండాలి గదా, అని ఆగాడు. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాడు.

లారీలు వెళ్ళే పెద్ద గేటు బార్లా తెరిచి ఉంది. వాచ్‌మన్ నీళ్ళ చెంబు పట్టుకుని ఎదురొచ్చాడు. "పెట్టె ఇంకా గోడకే ఉంది, పని సగంలో వదిలేసి ఎక్కడికి?" అని కేకేశాడు. వెనక, తెరిచిన కిటికీలోంచి, "ఇంకోసారి చదవండమ్మా, మొదట్నుంచీ" అన్న మాట వినబడింది. మీటరాయన చేతుల్లో ఏమీ లేదు, తన ఇనప పెట్టె కూడా. గోడ నీడ వెంట నడిచి, రోడ్డెక్కి, ఖాళీ లారీ ఒకటి రేపిన దుమ్ములోంచి అవతలికి వెళ్ళిపోయాడు.